ఎడమ చేతులు

పన్నెండేళ్ళుగా కాంట్రాక్టు ఉద్యోగిగా బడుల చుట్టూ తిరుగుతున్న ఉమాదేవికి బడుల సంగతి తెలుసో లేదో ఇప్పుడొక కాగితం తేల్చాలట. పెనుకొండలో ఆరు నెలల శిక్షణ ఇచ్చారు. ఆ తర్వాత ఒక బడిలో టీచరుకు సలహాలు చెప్పి, అక్కడి చదువు మెరుగుపడిందని చూపిస్తే 'బడి సలహాదారు'గా గుర్తింపు పత్రం ఇస్తారు. పత్రం లేని కాంట్రాక్టు మనిషిని ఇంటికి పంపుతారు. హిందూపురంలో రెండుసార్లు పరీక్షకు నిలబడి రెండుసార్లూ తప్పింది. పక్కన కూర్చుని సలహా చెప్పాల్సిన మనిషి, ఆగలేక సుద్దముక్క లాక్కుని తానే పాఠం చెప్పేసింది మరి! ఇది మూడోసారి. ఇంకో అవకాశం లేదు.

ఈసారి ధర్మవరం దగ్గర ఒక పల్లెలో ఐదో తరగతి. నాలుగు నెలలుగా ప్రతి మంగళవారం వచ్చి, భిన్నాలు ఎలా చెబితే పిల్లలకు ఎక్కుతాయో పోతులయ్య సారుతో మాట్లాడుతూనే ఉంది. ఆయన ముప్పై ఏళ్ళ సర్వీసు మనిషి, మంచివాడు, చెప్పినదానికల్లా తలూపేవాడు. అయినా సగంమంది పిల్లలకు ఇంకా రాలేదు. పోయిన వారం ఆమె ఆయన ముందే ఏడ్చేసింది.

"ఈసారి పోతే నేను బజార్న పడతా సార్," అంది. ఆ మాట అనకుండా ఉండాల్సింది.

పరీక్ష రోజు పరిశీలకుడు చిన్నప్ప వెనక బెంచీలో ఆమె పక్కన కూర్చున్నాడు. పోతులయ్య బోర్డు మీద రెండు భిన్నాలు రాశాడు.

"వీటిల్లో యాది పెద్దది? ఎవురు చెప్తారు?"

ఇరవై ఆరు చేతులు ఒక్కసారిగా లేచాయి. చిన్నప్ప ముఖం వెలిగిపోయింది. ఉమాదేవి మాత్రం ఆ చేతులను ఇంకోసారి చూసింది. సగం కుడిచేతులు, సగం ఎడమచేతులు. పోతులయ్య కుడిచేయి ఎత్తినవాళ్ళనే లేపుతున్నాడు. ఇన్‌స్పెక్షన్ అంటే హడలిపోయే బడుల్లో ఇది పాత ఏర్పాటే: జవాబు తెలిసినవాళ్ళు కుడిచేయి, తెలియనివాళ్ళు ఎడమచేయి. ఆమె చదువుకున్న బడిలోనూ ఉండేది. కిటికీ పక్కన భవాని అనే పిల్ల ఎడమచేతిని అందరికంటే పైకెత్తి నవ్వుతోంది. ఉమాదేవి ఆ వైపు చూడలేకపోయింది.

పాఠం అయ్యాక ముగ్గురూ వరండాలో కూర్చున్నారు. ఇప్పుడామె టీచరుకు సలహా చెప్పాలి, చిన్నప్ప విని మార్కులు వేయాలి. అసలు పరీక్ష ఇదే.

"చెప్పండి మేడం, క్లాసులో ఏం గమనించినారు?" అన్నాడు చిన్నప్ప.

చెబితే పోతులయ్య పరువు పోతుంది, తన ఉద్యోగం పోతుంది. చెప్పకపోతే ఇక ఈ సలహాదారు ఎవరికోసం? పోతులయ్య వైపు చూసింది. ఆయన ముఖంలో భయమేమీ లేదు. ఏదో మేలు చేసినవాడిలా, కాస్త గర్వంగా కూడా కూర్చున్నాడు.

"పిల్లలందరూ... బాగా పాల్గొన్నారు సార్. జవాబు చెప్పేముందు వాళ్ళకు ఇంకొంచెం టైం ఇస్తే బాగుంటుంది," అంది.

"సుద్దముక్క ముట్టుకోలేదు, మాట కూడా మెత్తగా చెప్పినారు. పాసయినారు మేడం," అంటూ చిన్నప్ప సంతకం పెట్టి, మోటారు సైకిలెక్కి వెళ్ళిపోయాడు.

"మీ కోసరమే మేడం," అన్నాడు పోతులయ్య గొంతు తగ్గించి. "రెండు దినాలు ప్రాక్టీసు చేయించినా. ఆ పొద్దు మీరు ఏడిస్తే నాకు అన్నం దిగల్యా."

ఉమాదేవికి చెంప పగలగొట్టాలనిపించింది, ఆయనదో తనదో తెలియలేదు. సంచీ తీసుకుని గబగబా గేటు వైపు నడిచింది.

భవాని వెనకాలే పరిగెత్తుకొచ్చింది.

"మేడం, ఈ పొద్దు సారు నన్ను ఒక్క లెక్క కూడా అడగల్యా. శానా బాగుండాది. ఇంగ రోజూ ఎడమచెయ్యే ఎత్తేదా మేడం?"

గుర్తింపు వచ్చాక ఆమెను సలహా అడిగిన మొదటి మనిషి ఆ పిల్లే.