బస్టాండులో చిలకమ్మ గొంతు

బస్టాండులో ఆయన అసలు పేరు ఎవరికీ గుర్తు లేదు. మైకు మాస్టారంటే మాత్రం పసిపిల్లలకు కూడా తెలుసు. విచారణ కిటికీ వెనక, సరిగ్గా గాలాడని చిన్న గదిలో కూర్చుని, ఏ బస్సు ఏ ప్లాట్‌ఫారం మీదికి వస్తుందో రోజంతా మైకులో చెప్పడం ఆయన పని. పిల్లవాడెవరైనా తప్పిపోతే ఒళ్లో కూర్చోబెట్టుకుని, "ఎర్ర చొక్కా బాబు నా దగ్గరే ఉన్నాడు. వాడు ఏడవడం లేదు, మీరూ ఏడవకుండా రండి" అని పిలిచే మనిషి.

చిలకమ్మ ఆయన మేనకోడలు. తల్లి పోయాక ఆయన ఇంట్లోనే పెరిగింది. గలగలా మాట్లాడుతుందని మామయ్యే ఆ ముద్దుపేరు తగిలించాడు. పెద్దయ్యాక ఆ గొంతే ఆమెకు అన్నం పెట్టింది. వ్యాపార ప్రకటనలకు, పిల్లల పాఠాలకు గొంతు ఇస్తుండేది. నెల జీతం కొలువు కాదు. పిలిస్తే పని, లేకపోతే ఖాళీ. అందుకే బస్టాండు ప్రకటనలన్నీ రికార్డు చేసి ఇమ్మని, ఏడాది ఒప్పందానికి రవాణా సంస్థ పిలిచినప్పుడు ఎగిరి గంతేసింది. మరుక్షణమే మామయ్య గుర్తొచ్చాడు.

"మామయ్యా, మరి నీ సంగతి?"

"నాకేంటే? లోపల కుర్చీ వేస్తామన్నారు. మీటలు నొక్కుతూ కూర్చోవడమే. ఈ వయసులో గొంతు చించుకునే బాధ తప్పుతుంది. మారు మాట్లాడకుండా ఒప్పేసుకో."

ఒప్పుకుంది. ఒప్పుకున్నాక ఇక ఒళ్లు దాచుకోలేదు. పొద్దున్నే స్టూడియోకు వెళ్లి, దూది మెత్తలు అతికించిన ఆ గదిలో తలుపు వేసుకుందంటే సాయంత్రానికే బయటపడేది. ఇంటికొచ్చాక మర్నాటి మాటలు మామయ్యకు వినిపించేది. ఆయన కళ్లు మూసుకుని వినేవాడు. "ఊరి పేరు దగ్గర పరుగెత్తకు. చెవి మందగించినవాళ్లకు కావలసింది ఆ ఒక్క మాటేగా" అనేవాడు. ఆమె మళ్లీ చెప్పేది. అత్తయ్య గుమ్మంలో నిలబడి ఇద్దరినీ చూసి, ఏదో అనబోయి, లోపలికి వెళ్లిపోయేది.

ఏడాది పడుతుందనుకున్న పని సగం గడువులోనే పూర్తయింది. స్టూడియో ఇంజనీరు తలుపు తీసి చప్పట్లు కొట్టాడు. రవాణా సంస్థ అధికారి స్వయంగా వచ్చి పూలగుత్తి ఇచ్చాడు. ఆ గుత్తి పట్టుకుని చిలకమ్మ ఒక్క ఉరుకున ఇంటికొచ్చింది.

"అత్తయ్యా, అయిపోయింది! వచ్చే నెలలోనే మొదలుపెట్టేస్తారట!"

"అప్పుడేనా? ఏడాది పడుతుందన్నావు కదే!" అంటూ అత్తయ్య అక్కడే కూలబడింది.

అప్పుడు బయటపడింది అసలు సంగతి. లోపల కుర్చీ లేదు, ఏమీ లేదు. యంత్రం మాట్లాడడం మొదలుపెట్టిన రోజున మాస్టారు ఇంటికి వెళ్లిపోవాలి. ఆ ఏడాదీ గడిస్తే ఆయనకు ఉద్యోగ విరమణ వయసు నిండేది. డ్రైవర్లు, కండక్టర్లు దండ వేసి, నాలుగు మంచి మాటలు చెప్పి, ఊరేగింపుగా ఇంటిదాకా దిగబెట్టేవాళ్లు. ఇప్పుడు మధ్యలో పొమ్మంటే పోవడమే.

చిలకమ్మ గుమ్మంలోనే కాచుకుని కూర్చుంది. మామయ్య ఇంటికి రాగానే నిలదీసింది.

"ఒక్క మాట చెప్పి ఉంటే మెల్లగా చేసేదాన్ని కదా!"

"అందుకేగా చెప్పలేదు" అన్నాడాయన చెప్పులు విప్పుతూ. "పని సాగదీస్తుందని పేరొస్తే రేపు నిన్ను పిలిచేదెవరు? నువ్వు కాకపోతే ఇంకొకరు చేస్తారు. ఆ చేసేదేదో మన పిల్లే చేయనీ అనుకున్నాను." నవ్వబోయాడు గానీ నవ్వు రాలేదు.

మర్నాడు ఆమె అధికారి దగ్గరికి పరుగెత్తింది. సరిగ్గా రాలేదు, మొత్తం మళ్లీ చేస్తానంది. "ఇంత బాగా ఇంతవరకు ఎవరూ చేయలేదమ్మా" అన్నాడాయన. పోనీ, మామయ్యను వయసు నిండేదాకా ఉంచమంది. "నాదేముంది? పైవాళ్ల నిర్ణయం" అని ఫైలు ముందుకు లాక్కున్నాడు. ఆ పైవాళ్లు ఎక్కడుంటారో, ఎవరిని అడగాలో ఆమెకు తెలియలేదు.

యంత్రం మాట్లాడడం మొదలైంది. మాస్టారు మాత్రం బస్టాండు మానలేదు. ఇంట్లో పొద్దుపోక రోజూ వెళ్లి విచారణ కిటికీ పక్క బెంచీ మీద కూర్చునేవాడు. యంత్రం చెబుతుంది గానీ అడిగినదానికి బదులు పలకదు కదా! జనం ఆయన చుట్టూ మూగేవాళ్లు. ఆయన విసుక్కోకుండా చెప్పేవాడు. కొన్నాళ్లకు ఇంజనీరు నుంచి ఫోన్ వచ్చింది.

"ఒక్క వాక్యం మిగిలిందండీ. 'సమాచారం కోసం బయటి వ్యక్తులను అడగరాదు' అని. బెంచీ దగ్గర గుంపు చేరుతోందని అధికారి కోప్పడుతున్నాడు."

"నేను చెప్పను" అంది చిలకమ్మ.

అతను నీళ్లు నమిలాడు. "చెప్పకపోయినా ఆగదండీ. మీ గొంతంతా మా దగ్గరే ఉంది. కంప్యూటర్లో ఏ మాట కొడితే ఆ మాట అదే మీ గొంతుతో పలుకుతుంది. ఒప్పందంలో అందుకు ఒప్పుకున్నారు కూడా. మీకు ముందే చెబుదామని..."

"మీ కాళ్లు పట్టుకుంటాను."

"నా చేతుల్లో ఏముందండీ?"

ఆమె ఫోన్ పెట్టేసి, అది వినపడేలోగా మామయ్యను ఇంటికి తీసుకుపోవాలని ఉన్నపళంగా బస్టాండుకు బయలుదేరింది. బెంచీ కనపడేసరికే పైన స్పీకరులోంచి ఆ వాక్యం మొదలైంది. చక్కటి గొంతు. ఎక్కడా తడబాటు లేదు. చేతిసంచీ పట్టుకున్న ముసలావిడకు ఆయన ఏదో చెబుతున్నాడు. ఆవిడ తలెత్తి స్పీకరు వైపు చూసింది, ఆయన వైపు చూసింది. సంచీ దగ్గరకు లాక్కుని రెండడుగులు వెనక్కి వేసింది.

"మూడో ప్లాట్‌ఫారం తల్లీ" అన్నాడాయన, మొదలుపెట్టిన మాట పూర్తి చేస్తూ.

చిలకమ్మ ఆయన మోకాళ్ల దగ్గర కూర్చుండిపోయింది. "మామయ్యా, నీ మీద ఒట్టు. అది నేను చెప్పలేదు."

"గొంతు నీదేగా అమ్మా."

ఆయన గొంతులో కోపం లేదు. అర్థంకాక అడిగినట్టు ఉంది. యంత్రం సంగతి వివరిద్దామని ఆమె నోరు తెరిచింది. అదే వాక్యం నెత్తిమీద మళ్లీ మోగింది. అది పూర్తయ్యేదాకా ఇద్దరూ అలాగే ఉండిపోయారు.

"పద, మీ అత్తయ్య చూస్తుంటుంది" అంటూ ఆయన లేచాడు.

గేటు దగ్గర ఒకతను రొప్పుతూ ఎదురొచ్చాడు. "మాస్టారూ, మా ఊరి బస్సు వెళ్లిపోయిందా?"

మాస్టారు మేనకోడలి చెయ్యి పట్టుకుని పక్కకు తప్పుకున్నాడు.

"నాకు తెలియదు నాయనా" అన్నాడు.