వెనక్కి తీసుకోనివ్వని మందు

మా కుట్టుగదిలో రెండు మిషన్లు. ఒకదాని మీద నేను కర్టెన్లు కుడతాను, రెండోది అక్కది. అక్క ప్రాణం తీసుకున్నాక కూడా అటువైపు నుంచి "సూదిలోకి దారం ఎక్కించవే" అని వినబడేది. చచ్చినా పని పురమాయించడం మానలేదు మహాతల్లి. నవ్వొచ్చేది, వెంటనే ఒళ్లు చల్లబడేది. తిండీ నిద్రా రెండూ పోయాయి.

ఆస్పత్రిలో ఇచ్చిన మొదటి రకం మాత్రలకు ఆ గొంతు సన్నబడింది గానీ మంచం దిగబుద్ధి కాలేదు. డాక్టరమ్మ మందు మారుస్తూ, పక్కనున్న అమ్మకు కూడా అర్థమయ్యేలా చెప్పింది. మెదడులో ఒక నాడీకణం పక్కదానికి సెరొటోనిన్ అనే రసాయనంతో కబురు పంపి, కాసేపటికే దాన్ని వెనక్కి లాగేసుకుంటుందట. పాత మాత్ర ఆ లాగడాన్ని అడ్డుకునేది. కొత్తది నారెపినెఫ్రిన్ అనే ఇంకోదాన్ని కూడా అలాగే నిలబెడుతుందట. వెనకటి తరం మందుల్లో కొన్ని ఇదే పని చేస్తూ నోరు ఎండగొడతాయి, ఇంకొన్ని ఈ రసాయనాలను విరిచేసే ఎంజైమును ఆపుతాయి. ఏదైనా గుణం కనబడటానికి వారాలు పడుతుందని, ఎందుకో తమకూ పూర్తిగా తెలియదని ఒప్పుకుంది.

"ఒక్క ముక్కలో చెప్పాలంటే, అన్న మాట వెనక్కి తీసుకోనివ్వదు," అంది.

అమ్మ మొహం పాలిపోయింది.

మర్నాటికి మాత్రల డబ్బా లేదు. మందు ఉన్నట్టుండి మానకూడదని డాక్టరమ్మ మరీమరీ చెప్పింది. రెండు మూడు రోజులకే తల తిరిగి, చేతులు వణికి, కుట్టు వంకర్లు పోయింది. ఇల్లంతా గాలించి అమ్మ మీద కేకలేశాను. చివరికి అమ్మే డబ్బా తెచ్చి ఒళ్లో పెట్టుకుని కూర్చుంది.

"చస్తే పీడా పోతుందన్నానే మీ అక్కని, అది పోయిన రోజే. ఈ మందు వేసుకుంటే నా మాట ఇంక వెనక్కి రాదుగా. అది నీకు వినబడుతుండగానే చెప్పవే, తీసేసుకున్నానని."

ఆ మాట నాకు తెలియడం అదే మొదలు. కోపంతో డబ్బా లాక్కోబోయాను. తర్వాత అమ్మ చేతులు చూశాను, నాకంటే ఎక్కువ వణుకుతున్నాయి. సన్నబడిన అక్క గొంతు పూర్తిగా ఆగిపోయి చాలా రోజులైందని చెప్పలేకపోయాను. ఖాళీ మిషన్ వైపు తిరిగి అమ్మ చెప్పమన్నది చెప్పాను.

"ఏమంది?"

"సరేలే అంది."

అమ్మ వెక్కివెక్కి ఏడ్చి, తనే నీళ్లు తెచ్చి మాత్ర మింగించింది.

ఇప్పుడు నాకు నయమవుతోంది. పొద్దున్నే మిషన్ ముందు కూర్చోగానే అమ్మ స్టూలు లాక్కుని పక్కకు చేరుతుంది. ఇవాళ అక్క ఏమంటోందని అడుగుతుంది.

"ముందు నువ్వు భోంచెయ్యమ్మా," అంటాను, అక్క గొంతుతో. అమ్మ లేచి కంచం పెట్టుకుంటుంది.