కుడివైపు చెట్లు

కళ్ళజోళ్ళ దుకాణం ఆయన కొట్టిన బంతి ఎప్పుడూ కుడివైపే పోయేది. బయలుదేరడం బుద్ధిగానే బయలుదేరేది. సగం దూరం వెళ్ళాక ఏదో పని గుర్తొచ్చినట్టు కుడికి తిరిగి, చెట్లలోకి దిగిపోయేది. పొద్దస్తమానం పదిమంది చూపు సరిచేసే మనిషికి తన బంతి వంకర మాత్రం అంతుబట్టలేదు. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితిలో పడ్డట్టుంది వ్యవహారం.

ఒంటరిగా ఆడేటప్పుడు పోయిన బంతిని వదిలేసి ఇంకోటి తీసుకునేవాడు, ఎవరికీ నష్టం లేదు. కానీ ఆ గోల్ఫ్ క్లబ్బులో ఏడాదికోసారి జంటల పోటీ పెడతారు. జంటకి ఒకే బంతి. ఒకరు కొట్టాక అది ఎక్కడ పడితే అక్కడినుంచి రెండోవాళ్ళు కొట్టాలి, మళ్ళీ వీళ్ళు, మళ్ళీ వాళ్ళు. మొదటి హోల్ దగ్గర మొదటి దెబ్బ ఆయనది, రెండోది భార్యది. ఆవిడ బడిలో లెక్కల టీచరు. ఆయన బంతిని చెట్లలోకి పంపడం, ఆవిడ మాట్లాడకుండా లోపలికి నడవడం, కాసేపటికి బంతి బయటికి రావడం, పన్నెండేళ్ళుగా ఇదే తంతు. ఒక హోల్ ఆయన మొదలుపెడితే తర్వాతది ఆవిడ మొదలుపెట్టాలి. ఆవిడ మొదలుపెట్టే హోల్స్‌లో బంతి దూరం పోకపోయినా మధ్యలోనే పడేది. అక్కడినుంచి కొట్టే సుఖమూ ఆయనదే. చెట్లలోకి ఆయన ఒక్కసారీ వెళ్ళలేదు, వెళ్ళాల్సిన పని పడలేదు.

పోయినేడు పోటీ అయ్యాక, జుట్టులోంచి ఎండుటాకులు తీసుకుంటూ ఆవిడ మామూలుగా ఒక మాటంది.

"వచ్చేసారి కూడా మొదటి బంతి చెట్లలోకే పోతే, ఆపై ఏడు నుంచి నేను అక్కతో ఆడతానండీ."

అక్కంటే తోడికోడలు, ఆయనకి వదిన. ఆవిడ బంతి గీత గీసినట్టు పోతుంది. మాట కూడా అంతే.

ఆయన నవ్వాడు గానీ లోపల భయం పట్టుకుంది. ఇంట్లో ఇద్దరి మాటలూ కుళాయి వాషర్ గురించీ, దిద్దాల్సిన పేపర్ల గురించీ తప్ప ఇంకో మెట్టెక్కవు. ఏడాదికి ఆ ఒక్కరోజు నాలుగు గంటలు పక్కపక్కన నడుస్తారు. ఆ నడక పోతే ఇంకేం మిగులుతుందో ఆయనకి తోచలేదు.

భార్యకి చెప్పకుండా, దుకాణం తెరిచేముందు వారానికి మూడు పొద్దులు క్లబ్బులో ఆట నేర్పే కోచ్ దగ్గరికి వెళ్ళడం మొదలుపెట్టాడు. కోచ్‌కి డెబ్బై ఏళ్ళు. ఒకప్పుడు బస్సులు నడిపిన మనిషి, నొప్పించకుండా చెప్పడం ఆయనకి చేతకాదు. పది బంతులు కొట్టించి చూశాడు.

"సార్, మీరు బంతిని కొట్టట్లేదు, మర బిగిస్తున్నారు. ఆ వేళ్ళేంటి, ఆ పట్టేంటి? పిట్టపిల్లని పట్టుకున్నట్టు పట్టుకోండి."

నిజమే. ముప్పై ఏళ్ళుగా ఆవగింజంత స్క్రూలు బిగించిన వేళ్ళవి, వదులుగా పట్టుకోవడమంటే వాటికి తెలీదు.

"ఇంకోటి. కుడికి పోతుందని మీరు ఎడమకి తిరిగి నిలబడుతున్నారు చూశారూ, అందుకే ఇంకా కుడికి పోతోంది. రోగం కంటే మందు ఎక్కువైంది."

తర్వాత కోచ్, ఆయన జేబులో ఉన్న కళ్ళజోడు డబ్బా అడిగి తీసుకుని, బంతికి అవతలి పక్కన బెత్తెడు దూరంలో పెట్టాడు. కర్ర బయటినుంచి అడ్డంగా వస్తే డబ్బా పగులుతుంది, లోపలినుంచి వస్తే బంతి ఒక్కటే ఎగురుతుంది. ఇంతకు మించి పాఠం లేదు. ముందు పగిలింది డబ్బాయే.

ఆ నెలలో ఏడు డబ్బాలు పగిలాయి, మరుసటి నెలలో నాలుగు. బంతిని ఎడమ మడమకి ఎదురుగా పెట్టుకోవడం, దాన్ని నిలబెట్టే టీ పుల్లని కాస్త ఎత్తుగా గుచ్చడం, కర్ర వెనక్కి తీసుకెళ్ళేటప్పుడు తొందరపడకపోవడం ఒక్కొక్కటే ఒంటబట్టాయి. పోటీకి వారం ముందు ఒకే డబ్బాతో నలభై బంతులు కొట్టి, దాన్ని చెక్కుచెదరకుండా జేబులో వేసుకుని దుకాణానికి వెళ్ళాడు. కోచ్ మాత్రం, "ఆరంభం బాగానే ఉంది," అన్నాడు.

పోటీరోజు వదినా, అన్నయ్యా వెనక జంటగా నిలబడి చూస్తున్నారు. ఆయన పుల్ల గుచ్చాడు. డబ్బా లేకపోయినా ఉన్నట్టే అనుకున్నాడు. కొట్టాడు. బంతి లేచింది, సగం దూరం వెళ్ళింది, ఏ పనీ గుర్తు రానట్టు ఇంకా వెళ్ళింది. వెళ్ళి పచ్చిక మధ్యలో పడింది.

"మరిదిగారూ!" అంది వదిన.

ఆయన సంతోషంగా భార్య ముఖం కేసి చూశాడు. ఆవిడ అలవాటుగా కుడివైపు నాలుగడుగులు వేసి, ఆగి, మధ్యకి తిరిగింది.

బంతి దగ్గర ఆవిడ చాలాసేపు నిలబడింది. చుట్టూ అంతా ఖాళీ. ఏ సందులోంచి కొట్టాలని చూసుకోవాలి? అన్నీ సందులే. కర్ర ఎత్తే ముందు ఆవిడ తల వంచింది, పైన కొమ్మ తగలకుండా. పైన కొమ్మ లేదు. ఆ సంగతి మధ్యలో గుర్తొచ్చి ఒక్కసారిగా నిటారుగా లేచింది. బంతి పచ్చికని ఒరుసుకుంటూ కుడికి పరిగెత్తి చెట్లలోకి పోయింది.

ఇప్పుడు కొట్టాల్సింది ఆయన. పన్నెండేళ్ళలో మొదటిసారి లోపలికి వెళ్ళాడు. ఎండుటాకులు చీలమండల దాకా వచ్చాయి, కొమ్మ ఒకటి నుదురు గీరింది. బయటినుంచి పది చెట్లలా కనిపించేవి లోపల గోడలా ఉన్నాయి. బంతి ఒక వేరు పక్కన ఉంది.

"ఆ గూనోడి చంక కిందనుంచి చూడండి, సందు కనబడుతుంది," అంది వెనక నుంచి ఆవిడ.

"గూనోడెవడు?"

"ఆ వంగిన చెట్టు. పక్కన ఉన్నవి కవలలు, వాటి జోలికి వెళ్ళకండి. మూల ఉన్నది హెడ్‌మాస్టరు, ఏదొచ్చినా తిప్పి పంపిస్తాడు."

"వీటికి పేర్లు కూడా పెట్టావా?"

"ఏటేటా వస్తుంటే పరిచయం అవదా మరి?"

ఆవిడ నిష్ఠూరంగా అనలేదు. అందుకే ఆయనకి ఎక్కువ తగిలింది. ఇన్నేళ్ళూ ఆ వంకర తన కష్టమనే అనుకున్నాడు. కష్టపడింది ఎవరో, నుదుటి గీత మీద నెత్తురు తుడుచుకుంటుంటే తెలిసింది, సిగ్గేసింది.

కొట్టాడు. హెడ్‌మాస్టరు తిప్పి పంపాడు. బంతి దొర్లుకుంటూ వచ్చి భార్య కాళ్ళ దగ్గర ఆగింది. ఆవిడ వంగి, రెండు చెట్ల మధ్య జానెడు సందులోంచి దాన్ని చిన్న దెబ్బతో వెలుగులోకి పంపింది. అంత అందమైన దెబ్బ ఆయన ఆ క్లబ్బులో చూడలేదు. ఈ చెట్లలోనే ఏటా ఒకటి చొప్పున పన్నెండు ఇలాంటివి చూడకుండా బయట నిలబడ్డాడు.

ఆ హోల్‌కి మొత్తం తొమ్మిది దెబ్బలు పట్టాయి. ఎంత వంకరగా ఆడిన రోజుల్లో కూడా ఆరు దాటలేదు.

"వచ్చే ఏడు వదినతోనేనా మరి?" అని అడిగాడు, రెండో హోల్‌కి నడుస్తూ.

"అక్క బంతి కూడా మధ్యలోనే పడుతుంది కదండీ. అక్కడ నిలబడి నేనేం చెయ్యను?" అంది ఆవిడ. నాలుగడుగులు వేశాక, "ఆ డబ్బాలు ఇంకా ఉన్నాయా? నాకూ ఒకటి కావాలి," అంది.

ఆయన నడక ఆగిపోయింది. "నీకెలా తెలుసు?"

"దుకాణం చెత్తబుట్టలో పచ్చిక అంటుకున్న పగిలిన డబ్బాలు పదకొండు పడితే లెక్కల టీచరుకి తెలీదా?"

ఆయన జేబులోంచి పగలని డబ్బా తీసి ఆవిడ చేతిలో పెట్టాడు.