డ్రిల్లు మాస్టారు ఎంచిన కిటికీ

డ్రిల్లు మాస్టారికి తెలియని విషయం లోకంలో లేదు. పోనీ ఉంటే, అది తెలుసుకోదగ్గది కాదని అప్పటికప్పుడే తేల్చేసేవారు. విమానం ఎక్కడం మాత్రం ఆయనకు ఇదే మొదటిసారి. అంతమాత్రాన నోరు మూసుకుంటారా? టిక్కెట్లు చేతికి రాకముందే వీధిలో నలుగురినీ ఆపి, ఏ పక్క కూర్చుంటే ఏం కనిపిస్తుందో ఉపన్యాసాలు మొదలుపెట్టారు.

నిజానికి ఆ ప్రయాణం మీద ఆశ పెట్టుకున్నది ఆయన భార్య. ఆవిడ లైట్‌హౌస్ కాపలాదారు కూతురు. సముద్రంలో ఒక రాతిదిబ్బ మీద పుట్టి, పెళ్లయ్యేదాకా అక్కడే పెరిగింది. తండ్రి పోయాక దీపం ఆపేశారు, పడవలూ ఆపేశారు. ఇప్పుడు ఆ లైట్‌హౌస్‌నే కూల్చేస్తున్నారని పేపర్లో పడింది. మాస్టారి చెల్లెలి కూతురి పెళ్లికి తాము ఎక్కబోయే విమానం ఆ తీరం వెంబడే పోతుందని తెలిసి, ఆవిడ కాపురానికొచ్చాక మొదటిసారి ఒక కోరిక కోరింది. సముద్రం వైపు కిటికీ కావాలంది. తిరిగి రావడం ఎటూ రైల్లోనే. చూస్తే ఈసారే చూడాలి.

"అది నాకు వదిలెయ్" అన్నారు మాస్టారు. అక్కడే కొంప మునిగింది.

హాల్లో కుర్చీలు ఒకదాని వెనక ఒకటి వేయించారు. నేల మీద నీలం దుప్పటి పరిచి, ఇది సముద్రమన్నారు. ముందు కుర్చీలో తాను పైలట్టుగా కూర్చుని, వెనక భార్యను, ఆవిడ వెనక తన అక్కగారిని కూర్చోబెట్టారు. దుప్పటి ముగ్గురికీ కుడిచేతి పక్కనే ఉంది. మాస్టారు దాన్ని తేరిపార చూసి, కుడిచెయ్యి పైకెత్తి, "ఎడమ!" అని ఒక్క అరుపు అరిచారు.

అలవాటు మరి. ముప్పై ఏళ్లు పిల్లలకు ఎదురుగా నిలబడి, వాళ్ల వైపుకు సరిపోయేలా తన కుడిచెయ్యి ఎత్తి ఎడమ అని అరిచిన మనిషి. ఉద్యోగం వదిలినా ఆ రోగం వదల్లేదు.

దుప్పటి కుడివైపు ఉంది కదండీ అని భార్య మెల్లగా అంది. ఎడమా కుడీ తనకు నేర్పే మొనగాడు ఇంకా పుట్టలేదన్నారాయన. అక్కగారు వంత పాడింది. తమ్ముడికి మాటలు వచ్చినప్పటినుంచీ ఆవిడ చేస్తున్న పని అదొక్కటే. భార్య లేచి దుప్పటి మడతపెట్టింది. మాస్టారు పట్టుబట్టి మరీ ఎడమవైపు మూడు సీట్లు తీసుకున్నారు.

విమానంలో కిటికీ పక్కన తానే కూర్చున్నారు. లైట్‌హౌస్ వచ్చినప్పుడు చెప్పేవాళ్లు ఉండాలట. మధ్యలో అక్కగారు. భార్యకు దక్కింది నడవ పక్క సీటు.

విమానం కిందికి దిగుతుండగా మబ్బులు విడిపోయాయి. ఎడమ కిటికీలో పొలాలు, వాటి తర్వాత మళ్లీ పొలాలు. నడవకు అవతలి కిటికీల్లో మాత్రం నీళ్లు తళతళలాడుతున్నాయి. ఆవిడ అటు వంగి చూసింది. సముద్రం అటుందండీ అంది. వస్తుంది, కంగారుపడకు అన్నారాయన, పొలాల మీంచి చూపు తిప్పకుండా.

ఆవిడ బెల్టు విప్పుకుని లేచింది. అవతలి వరసలో ఎవరో కాలేజీ అమ్మాయి ఒక్కతే కూర్చుని ఉంది. "నేను పుట్టిన ఇల్లు ఇటుందమ్మా, ఒక్కసారి చూస్తాను" అని అడిగింది. అమ్మాయి మారు మాట్లాడకుండా కిటికీ సీటు వదిలి ఇవతలికి జరిగింది.

నల్లటి దిబ్బ. దాని మీద సుద్దముక్కంత తెల్లగా లైట్‌హౌస్. పక్కనే పైకప్పు ఎగిరిపోయిన వాళ్ల ఇల్లు. ఆ గుమ్మంలోనే కూర్చోబెట్టి అమ్మ తల దువ్వేది, గాలికి పాపిడి నిలిచేది కాదు. ఆవిడ అద్దానికి నుదురు ఆనించి వెక్కివెక్కి ఏడ్చింది. అంత సంతోషం ఆవిడకు ఈమధ్య కాలంలో కలగలేదు.

సరిగ్గా అప్పుడే మాస్టారి గొంతు మోగింది. "అదిగో, వచ్చింది. చెప్పానా?"

పొలాల మధ్య ఏదో సెల్‌ఫోన్ టవర్. ఎంత ఎత్తుందో అని అక్కగారు బుగ్గలు నొక్కుకుంది. దాని దీపం ఎంత దూరం వెలిగేదో, మామగారు తనకు స్వయంగా ఏమేం చెప్పేవారో ఆయన చుట్టుపక్కల వాళ్లందరికీ వినిపించేలా వర్ణించారు. ఆ మామగారితో ఆయన ఏనాడూ కూర్చుని మాట్లాడిన పాపాన పోలేదు.

వర్ణన పూర్తయ్యాక గాని భార్య సీటు ఖాళీగా ఉందని గమనించలేదు. "ఎక్కడికి పోయావే? నీ లైట్‌హౌస్ వచ్చి వెళ్లిపోయింది. ఇలా వచ్చి కూర్చో, ఎలా ఉందో చెప్తాను" అని పిలిచారు.

ఇన్నేళ్లూ అలాంటి పిలుపు వినగానే లేచి వెళ్లి, తలూపి, అవునండీ అన్న మనిషి. ఇప్పుడు కళ్లు తుడుచుకుంది గాని కదల్లేదు.

"మీ అక్కగారికి చెప్పుకోండి" అంది. "నేను మా ఇంటి దగ్గరున్నాను."

దిబ్బ ఇంకా కనిపిస్తూనే ఉంది. ఆవిడ ఇటు తిరగలేదు.