అంచు ముక్క

నీళ్ళలో వేసిన పాకపు చుక్కను వేళ్ళతో ఉండ చేసి, గిన్నె అంచుకేసి కొట్టింది ఉషా. టంగుమంది. ఆమె తల ఊపగానే ఇద్దరాడవాళ్ళు కాగు దించి, వేయించిన వేరుసెనగ బద్దలు అందులో గుమ్మరించారు. అక్కణ్ణుంచి ఎవరికీ మాట్లాడే తీరిక ఉండదు. పొగలు కక్కే ముద్ద బల్లమీద పడుతుంది. ఉషా నున్నటి కర్రతో దాన్ని ఒత్తుతూ నాలుగు మూలలకీ సాగదీస్తుంది. చల్లారి బిగుసుకునేలోగా కత్తితో గళ్ళు కొట్టెయ్యాలి. కాస్త ఆలస్యం చేస్తే, ముద్ద కత్తి పెట్టిన చోట కాక తన ఇష్టమొచ్చిన చోట విరుగుతుంది. కోవిల్‌పట్టి కడలమిట్టాయికి, అంటే ఈ వేరుసెనగ చెక్కకి, ఊరూరా పేరుందంటే, ఆ పేరు సగం ఈ తొందరలోనే ఉంది.

ఉషాకు ముప్పై దాటాయి. బక్కపలచటి మనిషి, కానీ కర్ర ఒత్తీ ఒత్తీ ముంజేతులు మాత్రం మగవాళ్ళకున్నట్టు గట్టిపడ్డాయి. చేతులమీద పాకం చిందిన మచ్చలు అక్కడక్కడా తెల్లగా మెరుస్తాయి. ఎన్ని నీళ్ళు పోసుకున్నా జుట్టులోంచి బెల్లం వాసన పోదు. చీమలు దగ్గరి చుట్టాల్లా ఇంటిదాకా వెంటపడి వస్తాయి. పొయ్యి దగ్గర ఉన్నంతసేపు ఆమెకు తన బతుకు గురించి ఆలోచన రాదు. అదే ఆమెకు హాయి.

ఆలోచించడానికి ఉన్నది లేకపోలేదు. బనియన్ల కంపెనీలో పనికని తిరుప్పూరు వెళ్ళిన మొగుడు అక్కడే ఇంకో కాపురం పెట్టుకున్నాడు. కూతురు సంగవికి నాలుగేళ్ళు. పొద్దున బాల్వాడి, మధ్యాహ్నం నుంచి సాయంత్రం దాకా పక్కింటి వల్లియమ్మాళ్ అవ్వ. అవ్వ అన్నం తినిపిస్తుంది, పడుకోబెడుతుంది, తిట్టవలసినప్పుడు తిడుతుంది. డబ్బు ఇవ్వబోతే మాత్రం చేతులు వెనక్కి పెట్టుకుంటుంది. ఆమె తీసుకునేది ఒక్కటే. రోజూ సాయంత్రం ఒక అంచు ముక్క.

చెక్క అంచులు వంకరగా ఉంటాయి, పొట్లాల్లో పట్టవు. వాటిని పనివాళ్ళు పంచుకుంటారు. బెల్లం ఎక్కువగా దిగేది అంచులోనేనని అవ్వకు తెలుసు. పళ్ళు మాత్రం ఒక్కటీ లేవు. అందుకని ఆకువక్క దంచుకునే చిట్టి ఇనప రోట్లో ముక్క వేసి దంచిస్తుంది. దంచడం సంగవి ఉద్యోగం. ఆ ఉద్యోగంలోకి ఇంకెవరినీ రానివ్వదు.

ఆ రోజు పాకం బల్లమీద పరిచిన వేళకే గుమ్మంలో అన్న గోకులకృష్ణన్ కనిపించాడు. విరుదునగరులో పప్పుల మండీలో లెక్కలు రాస్తాడు. మండీ పనిమీద ఈ ఊరు వచ్చినప్పుడల్లా చెల్లెల్ని చూడకుండా పోడు. ఉషా కత్తి చేతిలో పట్టుకునే గుమ్మం దగ్గరికి వెళ్ళింది.

"నీ సంబళంలో ఇంటి బాడుగ పోయె, గ్యాసు పోయె, బిడ్డకి జొరమొస్తే ఆస్పత్రికి పోయె. మిచ్చం ఏముండాది చెప్పు?" అన్నాడు అన్న. వచ్చినప్పుడల్లా అడిగేదే.

"ఏమీ లేదన్నా."

"కొండని తవ్వి ఎలకని పట్టినట్టుండాది."

"ఎలకైనా నాది గదన్నా."

ఆయన నవ్వాడు, కానీ వదల్లేదు. "ఆ ముసలామె ఊరికే చూస్తా ఉండాది కాబట్టి నీ బండి నడుస్తా ఉండాది. రేపామె మంచాన పడితే? బిడ్డని చూసేదానికే నీ సంబళం అంతా పోతాది. మా ఇంటికి వచ్చెయ్యమ్మా. మీ వదినకి మోకాళ్ళ నొప్పి, చెయ్యిసాయంగా ఉంటావు. సంగవి మా బిడ్డల్తో పాటు తింటాది. యాల ఈ పొయ్యి కాడ?"

ఆయన మాటలో తప్పు లేదు. అదే ఉషాను నిలబెట్టేసింది. అన్న మీద ఆమెకు ప్రాణం. చెడ్డవాడైతే ఒక్క మాటలో తేలిపోయేది. ఏం చెప్పాలా అని కత్తి మొన కేసి చూస్తూ నిలబడింది. అంతలో లోపలనుంచి ఎవరో కేకేశారు.

బల్లమీద చెక్క రాయిలా బిగుసుకుపోయింది. కత్తి పెడితే పెళపెళా ఇష్టమొచ్చినట్టు విరిగింది. అంచులే కాదు, నట్టనడుమ కూడా. యజమాని శంకరలింగం వచ్చి చూసి తమిళంలో నాలుగు మాటలన్నాడు. ఆయన కోపం కూడా పాకం లాంటిదే, పొయ్యి దిగితే నిలవదు. చివరికి, ఎటూ అమ్మడానికి పనికిరాదు, పంచుకోండి అని వెళ్ళిపోయాడు.

సాయంత్రం ఉషా సంచీ నిండా ముక్కలతో ఇంటికి బయలుదేరింది. సిగ్గు పడాల్సింది, కానీ సంతోషంగానే ఉంది. ఇన్ని ముక్కలు చూసి అవ్వ ఏమంటుందో ఆమెకు ముందే వినిపిస్తోంది. "ఏందే, కంపెనీనే ఎత్తుకొచ్చేస్తివా" అంటుంది. అన్న మాట మధ్యమధ్యలో గుచ్చుకున్నా, దాన్ని పక్కకు తోస్తూ నడిచింది.

అవ్వ తన ఇంటి వాకిట్లో చాపమీద, గోడకు వీపు ఆనించి కూర్చునే ఉంది. తల ఒక పక్కకు వాలింది. ఎదురుగా సంగవి కాళ్ళ మధ్య రోలు పెట్టుకుని సిద్ధంగా ఉంది.

"అవ్వ నిద్దరపోతా ఉండాది. ముక్క ఇయ్యమ్మా, దంచి పెడతా."

ఉషా వంగి అవ్వ చెయ్యి పట్టుకుంది. అది చల్లగా ఉంది. ముక్కు దగ్గర వేలు పెట్టి చూసింది. తరవాత సంచీలోంచి బెల్లం బాగా దిగిన అంచు ముక్క ఏరి కూతురి చేతికిచ్చింది. పిల్ల మూతి బిగించి టకటకా దంచింది. ఆ చప్పుడు ఆగేదాకా ఉషా ఎవరినీ పిలవలేదు. సంగవి చిటికెడు పొడి తీసి అవ్వ నోటికి అందించబోయినప్పుడు మాత్రం ఆ చెయ్యి పట్టుకుంది. పిల్లను ఒళ్ళోకి తీసుకుని, అప్పుడు అవ్వ కోడలు ముత్తుమారిని కేకేసింది. కేక సగంలోనే ఏడుపొచ్చింది. తల్లి పోయినప్పుడు కూడా ఆమె అంతగా ఏడవలేదు.

రైలెక్కవలసిన గోకులకృష్ణన్ కబురు తెలిసి ఆగిపోయాడు. మర్నాడు మధ్యాహ్నం అవ్వను తీసుకుపోయారు. ఆడవాళ్ళు వాకిలి కడిగి, తలకు పోసుకుని కూర్చున్నారు. గోకులకృష్ణన్ వల్లకాటి నుంచి తిరిగొచ్చాడు. ఉషా బట్టల సంచీ ఎక్కడుందా అన్నట్టు గదిలోకి ఒకసారి చూశాడు, అంతే.

ఉషా లేచి ముత్తుమారి దగ్గరికి వెళ్ళింది. ముత్తుమారి ఇంట్లోనే కూర్చుని అగ్గిపెట్టెల కట్టలకు కాగితం అంటించే పని చేస్తుంది. మనిషి కాస్త కటువు. ఉషా అడగబోయేది అడక్కముందే ఆమె జవాబు చెప్పింది.

"అత్త మాదిరి మిట్టాయి ముక్కకి నేను చూడలేనక్కా. బిడ్డ ఉంటే నా పని సగం నిలిచిపోతాది. ఆ సగం నువ్వియ్యి."

"ఇస్తా" అంది ఉషా. బేరం ఆడలేదు. ఆ చోట తానున్నా అదే అడిగేది.

అన్న ఇదంతా విన్నాడు. "ఇంగ ఎలక కూడా లేదు గదమ్మా" అన్నాడు మెల్లగా.

"లేదన్నా."

"మరి పనికి యాల పోతావు?"

"వదిన మంచిదేనన్నా. కానీ మీ ఇంట్లో నేను రెండోమాటు అన్నం పెట్టుకోవాలంటే ఆమె మొగం చూడల్ల. ఇక్కడ ఎవురి మొగమూ చూసే పన్లేదు."

అన్నేళ్ళుగా లెక్కలు రాసిన మనిషికి ఆ మాట ఏ పద్దులో వెయ్యాలో తెలియలేదు. చెల్లెలి తలమీద చెయ్యి పెట్టి, తీసేశాడు. పిల్లలకి పెట్టమని ఉషా ఇచ్చిన మిట్టాయి ముక్కల సంచీ చంకన పెట్టుకుని స్టేషన్ దారి పట్టాడు. వీధి చివర ఒక ముక్క తీసి నోట్లో వేసుకోవడం ఆమె చూసింది. నవ్వొచ్చింది.

మర్నాడు పొద్దున ఉషా కూతురికి జడ వేసి, బాల్వాడిలో దింపి, ఎప్పటిలాగే పనికి వెళ్ళింది. నెల తిరిగితే చేతిలో ఏమీ మిగలదని ఇప్పుడు ఆమెకు ఖాయంగా తెలుసు. అయినా టంగుమన్న మొదటి చప్పుడికి ఒళ్ళు తేలికపడింది.

సాయంత్రం తిరిగొచ్చేసరికి ఆమె గడప పక్కన అవ్వ రోలు ఉంది. తమ ఇంట్లో ఆకువక్క వేసేవాళ్ళు లేరని ముత్తుమారి తెచ్చి పెట్టి పోయింది. లోపల రోకలి అలాగే ఉంది. అడుగున సంగవి దంచిన పొడి బెల్లంతో గట్టిగా అంటుకుపోయింది, దానికోసం చీమలు గడప దాటి అప్పటికే బారు కట్టాయి.