బాలశౌరి కేక

మా ఆయన బాలశౌరి నరసరావుపేట కోర్టులో బిళ్ళ బంట్రోతు. భుజాన ఎర్ర డవాలు, దాని మీద ఇత్తడి బిళ్ళ. బియ్యానికి కూడా వరసలో నిలబడే ఆ యుద్ధం రోజుల్లో సర్కారు ఉద్యోగమంటే మాటలా! మా కతోలిక గుడి ఫాదరుగారు ఎవరితోనో చెప్పి వేయించారు.

ఆ ఉద్యోగంలో అసలు పని కేకలేయడం. కేసు రాగానే గుమ్మంలో నిలబడి కక్షిదారుల పేర్లు ముమ్మారు పిలవాలి. ఆవరణ చివర కూర్చుని చుట్ట కాల్చుకునేవాడికి కూడా వినపడాలి. మా ఆయనకేమో ఉన్నదల్లా నెమ్మది. ఏడ్చే పిల్ల ఆయన భుజమెక్కితే నిద్రపోతుంది. జ్వరమొచ్చినవాడి పక్కన ఆయన కూర్చుంటే వాడు కాస్త గంజి తాగుతాడు. గొంతు మాత్రం పక్క మంచం దాకా పోతుంది, అంతే. నా గొంతులో సగమిచ్చినా సరిపోయేది. నేను కోడిని తోలితే వీధంతా తప్పుకుంటుంది.

అందుకని ఆయన పొద్దున్నే పోయి, కేసులున్న వాళ్ళను వెతికి గుమ్మం దగ్గరే కూర్చోబెట్టేవాడు. నాదెండ్ల నుంచి వచ్చిన పాపమ్మ అనే ముసలామె అలాగే కూర్చుని, దాహమేసి బావి దగ్గరికి లేచిపోయింది. అప్పుడే ఆమె కేసొచ్చింది. ఆయన పిలిచాడు, ఆమెకు వినపడలేదు, కేసు కొట్టేశారు. వకీలు అర్జీ పెట్టి మళ్ళీ నిలబెట్టాడు. పాపమ్మ కూడా "పోన్లే నాయనా" అంది. ఈయన మాత్రం మనసులోంచి పోనివ్వలేదు. అన్నం ముందు కూర్చుని మెతుకులు కెలికేవాడు. మనిషి నా కళ్ళముందే తరిగిపోతున్నాడు.

లోపం గొంతుదే అనుకున్నాను. మిరియాల కషాయం తాగించాను. దానికీ లొంగకపోతే, ఒక ఆదివారం పూజ అయ్యాక కోతలైపోయిన జొన్నచేలోకి లాక్కుపోయాను.

"నేను ఆ గట్టు మీద నిలబడతా. నన్ను పేరు పెట్టి పిలువు."

ఆయన బిక్కచచ్చిపోయాడు. మా వైపు మగాళ్ళు పెళ్ళాన్ని "ఏమే" అంటారుగానీ పేరెత్తరు.

"పెళ్ళాం పేరే పిలవలేనోడివి, ఊరోళ్ళ పేర్లేం పిలుస్తావయ్యా?" అని గట్టెక్కాను.

ఆయన నోరు తెరిచాడు. నాకు గాలి తప్ప ఏమీ వినపడలేదు. మెడ రిక్కించి మళ్ళీ పిలిచాడు. మూడోసారి పిలిచి, అక్కడే కూలబడి తువ్వాలులో మొహం దాచుకున్నాడు. నేను పరుగెత్తాను.

"ఏందయ్యా ఇది! నా వల్ల కావట్లేదని ఒక్క ముక్క నాతో అనొచ్చుగా?"

"డవాలేసుకుని పోతంటే మలుపు తిరిగిందాకా గుమ్మంలో నిలబడి చూస్తావు గదే. మానేస్తే ఆ చూపు పోద్దని..."

నాకు మాట రాలేదు. నాకు! ఇంతకాలం ఈయన నలిగిపోయింది నా చూపు కోసమా అని గుండె నీరైపోయింది. ఆయన పక్కనే మట్టిలో కూర్చున్నాను.

"బిళ్ళదేముందయ్యా, కొయ్యకు తగిలిచ్చినా మెరుస్తది. నేను చూసేది నా మొగుణ్ణి, పిచ్చి మనిషీ. రేపే పోయి ఇచ్చేసిరా. ఆసుపత్రిలో రోగుల దగ్గరుండే మనిషి కావాలంటన్నారు."

"జీతం చానా తక్కువే."

"తక్కువే తిందాం."

ఆయన కళ్ళు తుడుచుకున్నాడు. నా వైపు వంగి, చెవి దగ్గర, "ఆరోగ్యమ్మా" అన్నాడు.

ఎంత బాగా వినపడిందో!

"ఇక్కడే ఉన్నానయ్యా," అన్నాను.