ఇంటికి ఏ తుపాకీ మంచిది

ఓలీటా ప్రిడ్డీ నా తుపాకుల దుకాణంలో అడుగుపెట్టేసరికి ఉదయం పదయింది. ముప్ఫై ఏళ్ళు మా ఊరి స్కూలు బస్సు నడిపిన మనిషి. ఆ బస్సులో నా నోరు మూయించిన ఏకైక మనిషి కూడా. అందుకే నాకు యాభై దాటినా, ఆవిడ కనబడగానే నేను టోపీ తీసేస్తాను.

"ఒరే వెర్నన్, ఇంట్లో పెట్టుకోడానికో తుపాకీ చూపించు. మా వెనక రోడ్డులో రెండిళ్ళు దోచారు. మా ఇంట్లో నేనూ, డోయిలూ తప్ప ఎవరున్నార్రా?"

డోయిల్ ఆవిడ భర్త. బయట ట్రక్కులో కూర్చుని ఉన్నాడు. ఆయనకు మతిమరుపని ఊరందరికీ తెలుసు. అది ఎంతవరకు వచ్చిందో మాత్రం ఆవిడ ఎవరికీ చెప్పలేదు.

"పంప్ షాట్‌గన్ తీసుకో అక్కా," అన్నాడు రాయిస్. పదకొండేళ్ళుగా నా దుకాణంలో ఏమీ కొనకుండా కాఫీ తాగుతూ, వచ్చినవాళ్ళందరికీ ఇదే సలహా ఇస్తుంటాడు. "ఒక్కసారి చరచక్ మని లాగావనుకో, ఆ చప్పుడికే దొంగ పారిపోతాడు."

"చప్పుడే చాలితే వెర్నన్‌ని చప్పుడే అమ్మమను. తుపాకీ దేనికి?"

రాయిస్ కప్పులోకి చూసుకున్నాడు. నాకు ప్రాణం లేచొచ్చింది.

పిస్టల్ ఇచ్చాను. కీళ్ళవాతంతో ఆవిడ వేళ్ళు వంకర్లు పోయాయి, పై భాగం వెనక్కి లాగలేకపోయింది. రివాల్వర్ మాత్రం చేతిలో కుదిరింది.

"ఇంట్లో ఇంకేమైనా ఉన్నాయా?" అని అడిగాను. అందరినీ అడిగే ప్రశ్నే.

"డోయిల్‌వి మూడున్నాయి, పడగ్గది తలుపు వెనక. ఆయన తుపాకులు ఆయనవి. పెళ్ళయిన ఈ నలభై తొమ్మిదేళ్ళలో నేను ముట్టుకుంటే ఒట్టు."

అప్పుడు తలుపు తెరుచుకుని డోయిల్ వచ్చాడు. ఇస్త్రీ చొక్కా, నున్నగా గీసిన గడ్డం. ఓలీటాను చూసి, కొత్తవాళ్ళకు చేసినట్టు మర్యాదగా టోపీ అంచు ముట్టుకున్నాడు. తర్వాత నా మీదకు వంగి గొంతు తగ్గించాడు. ఆయనకు చెవుడు. తగ్గించిన గొంతు కూడా దుకాణమంతా వినిపించింది.

"బాబూ, ఇంటికి ఏ తుపాకీ మంచిది?"

"ఎందుకండీ?"

"మా ఇంట్లో ఎవరో ఒకావిడ ఉంటోంది."

రాయిస్ నోరు తెరిచాడు. పంప్ అనబోయి మానేశాడు. పదకొండేళ్ళలో అదే మొదటిసారి.

"మిమ్మల్నేమైనా చేస్తోందా?" అన్నాను.

"అబ్బే. వండి పెడుతుంది. మాత్రలిస్తుంది. చిక్కుడు గింజల్లో ఉప్పే తక్కువ. కానీ ఎలా వచ్చిందో తెలీదు. మా ఆవిడ మంచం మీదే పడుకుంటోంది. రేపు మా ఆవిడొస్తే ఏమనుకుంటుంది చెప్పు?"

ఓలీటా రివాల్వర్‌ను నేను చూపించినట్టే, గొట్టం గోడవైపుకు పెట్టి బల్ల మీద ఉంచింది. నాకు ఏడుపొచ్చింది. దాచుకోవడానికి గుడ్డ తీసుకుని తుడిచిన అద్దమే మళ్ళీ తుడిచాను.

"ఉప్పు డాక్టరు తగ్గించమన్నాడండీ," అందావిడ.

"అలాగామ్మా," అన్నాడాయన.

"ఇది లోపల పెట్టెయ్యరా వెర్నన్. మధ్యాహ్నం మా ఇంటికి రా. ఆ మూడూ తీసుకెళ్ళు."

రాయిస్‌ను తోడు తీసుకుని వెళ్ళాను. నేనొకటి, తను రెండు పట్టుకుని బయటికొచ్చాం. డోయిల్ వరండాలో కూర్చుని ఉన్నాడు.

"ఎక్కడికవి?"

"తుడిచి, నూనె వేసి నా దగ్గర దాచిపెడతానండీ."

"మంచిది. తుప్పు పట్టుంటాయి."

వెళ్ళిపోతే సరిపోయేది. కానీ ఉండబట్టలేక అడిగాను: "మరి ఇంట్లో ఆవిడ సంగతో?"

ఆయన వంటింటి వైపు చూసి గొంతు తగ్గించాడు, అంటే లోపలికి కూడా వినబడేంత.

"ఉండనీలే బాబూ. దొంగలంటే భయమట పాపం. నేనున్నాను కదమ్మా, పడుకో అని చెప్పాను."

వంటింట్లో గిన్నెల చప్పుడు ఆగిపోయింది.